గ్లాడియోలస్‌లో మీ సొంత రకం: క్రాస్ చేయడం నుంచి పేరు పెట్టేదాకా

పొడవాటి కాడ మీద వరసగా పూలు పూసే గ్లాడియోలస్‌లో కొత్త రకం పుట్టించడానికి ల్యాబ్ అక్కర్లేదు, మైక్రోస్కోప్ అక్కర్లేదు, డిగ్రీ అసలే అక్కర్లేదు. రెండు మంచి రకాల దుంపలు, ఒక ట్వీజర్, చిన్న కాగితం సంచులు, తడిసినా చెరగని మార్కర్, కొన్ని ట్యాగులు ఉంటే పని మొదలుపెట్టొచ్చు. వీటికి తోడు కావాల్సింది ఓపిక, బాగానే కనిపిస్తున్న మొక్కను కూడా పీకి పారేయగలిగే మనసు. క్రాస్ చేయడం, అంటే ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు పట్టించడం, ఒక్క నిమిషం పని. విత్తనం వేశాక పువ్వు చూడటానికి రెండు మూడేళ్లు పడుతుంది, ఆ పువ్వు ఒక రకంగా నిలబడుతుందో లేదో తేలడానికి ఇంకో నాలుగైదేళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ ఏరుకుంటూ పోవడమే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి ఇది చివర్లో గానీ తెలిసిరాదు. పువ్వు ఎంత అందంగా ఉన్నా దాని కింద దుంప సరిగ్గా లేకపోతే అది రకం కాదు, ఒక మొక్క మాత్రమే. హైబ్రిడ్ గ్లాడియోలస్ విత్తనం వేస్తే తల్లిలాంటి మొక్క రాదు, ఆ రకం నిలవాలన్నా పెరగాలన్నా దుంపలతోనే. కాబట్టి పైన పువ్వును ఎంత శ్రద్ధగా చూస్తారో నేల కింద ఏం తయారవుతోందో కూడా అంతే శ్రద్ధగా చూడాలి. ఈ వ్యాసమంతటా మళ్లీ మళ్లీ దుంప దగ్గరికే వస్తాను, విసుక్కోకండి.

ఈ పువ్వు వంశం సంగతి

ఇప్పుడు తోటల్లో చూస్తున్న పెద్ద పూల గ్లాడియోలస్ అడవిలో దొరికే మొక్క కాదు. ఆఫ్రికా జాతుల్ని, ముఖ్యంగా దక్షిణాఫ్రికావాటిని, రెండు వందల ఏళ్లుగా ఒకదానితో ఒకటి కలుపుతూ వస్తే తయారైన మొక్క ఇది. ఇంగ్లండ్‌లో కాల్విల్ నర్సరీ నుంచి 1823లో ఒక హైబ్రిడ్ వచ్చింది. బెల్జియంలో వాన్ హూట్ 1841లో గాండవెన్సిస్ అనే హైబ్రిడ్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో లెమోయిన్ తెచ్చిన పూలకు గొంతులో పెద్ద మచ్చలుండేవి. 20వ శతాబ్దం మొదట్లో విక్టోరియా జలపాతం ప్రాంతం నుంచి ప్రిములినస్ అనే పసుపు పూల అడవి జాతి యూరప్ చేరి, లేత పసుపు, నారింజ రంగుల వరసలకు దారి తీసింది. 1907లో అమెరికాలో కుండర్డ్ ముడతల రేకుల పువ్వు విడుదల చేశాడు. ఎక్కువసార్లు కొత్తదనం ఎలా వచ్చిందో గమనించండి, అంతవరకూ కలవని రెండు వంశాలు కలిసినప్పుడు.

క్రోమోజోముల (కణంలో జన్యువుల్ని మోసే పోగుల) విషయం కాస్త తెలిసి ఉంటే చాలా నిరాశ తప్పుతుంది. అడవి జాతుల్లో ఎక్కువవాటికి 30 క్రోమోజోములు ఉంటాయి. తోట రకాలకు మామూలుగా 60, అంటే ప్రతి జన్యువుకూ రెండు బదులు నాలుగు కాపీలు. రెండు కాపీలున్న మొక్కలో ఒక లక్షణం దాగి ఉంటే, దాని పుప్పొడిని దానికే పట్టించినప్పుడు పిల్లల్లో నాలుగింట ఒకటిలో అది బయటపడుతుంది. నాలుగు కాపీలున్న మొక్కలో రెండు పైకి కనిపించేవీ రెండు దాగి ఉండేవీ అయితే అదే లక్షణం 36 పిల్లల్లో ఒకదాంట్లో గానీ కనపడదు. ఇరవై మొక్కలు పెంచి, అనుకున్నది రాలేదని ఆ క్రాస్‌ను వదిలేస్తే తప్పు క్రాస్‌ది కాదు, ఇరవై సరిపోదంతే. అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే: యాభై రకాల క్రాసులు చేసి ఒక్కోదాన్నుంచి పది విత్తనాలు వేయొద్దు, బాగా ఆలోచించి మూడు నాలుగు క్రాసులే చేసి ఒక్కోదాన్నుంచి వందల్లో వేయండి.

అడవి జాతిని తోట రకంతో కలపాలనుకునేవాళ్లకు కూడా ఇదే అడ్డుపడుతుంది. 30 క్రోమోజోములది 60 ఉన్నదానితో కలిస్తే పిల్లకు సాధారణంగా 45 వస్తాయి, అలాంటి మొక్క పూస్తుంది గానీ చాలావరకు విత్తనం కట్టదు, వంశం అక్కడితో ఆగిపోతుంది. వాసన కోసం చాలామందికి ఈ ఆశ ఉంటుంది, ఎందుకంటే ఇప్పటి పెద్ద పూల రకాల్లో ఎక్కువవాటికి వాసన లేదు, ట్రిస్టిస్ అనే అడవి జాతికేమో సాయంత్రం నుంచి మంచి సువాసన. ఆ దారి మూసేసి లేదు, కానీ అది మొదటి క్రాస్‌గా చేయాల్సింది కాదు.

ఏం కావాలో రాసుకోండి

కాగితం మీద ఒక్క వాక్యం. ‘ఎండకు వెలిసిపోని లేత పసుపు, కాడ తిన్నగా, ఒకేసారి ఆరు పూలు విచ్చుకుని ఉండాలి’ లాంటిది. ‘అందమైన పువ్వు’ అని రాసుకుంటే తర్వాత ఏ మొక్కనూ పారేయలేరు, ఎందుకంటే గ్లాడియోలస్‌లో అందంగా లేని పువ్వు దొరకడమే కష్టం.

తల్లిదండ్రుల్ని ఎంచుకునేటప్పుడు నేను చూసే పద్ధతి ఇది. రంగు, రేకుల ముడతలు, మచ్చ లాంటి మీకు కావాల్సిన లక్షణం కనీసం ఒకదాంట్లో గట్టిగా ఉండాలి, రెండింట్లో ఉంటే ఇంకా మంచిది. రెండోది ఆరోగ్యంలో గట్టిది కావాలి: దుంప కుళ్లనిది, పిల్ల దుంపలు బాగా పెట్టేది, కాడ వంగనిది. ఇద్దరికీ ఒకే లోపం ఉంటే ఆ జత వద్దు, రెండింటి కాడలూ వంకరైతే పిల్లల్లో తిన్ననిది వెతకడం వృథా. దూరపు రంగులు కలిపితే, ఉదాహరణకు ముదురు ఊదాతో పసుపు, మొదటి తరంలో ఎక్కువగా మురికి రంగులే వస్తాయి. వాటిలోంచి రెండో తరంలో వింత రంగులు రావచ్చు, అది వేరే ఆట, దానికి ఇంకో మూడేళ్లు కలుపుకోవాలి. త్వరగా ఫలితం చూడాలంటే దగ్గరి రంగులు కలపండి. తల్లిగా వాడే మొక్క ఆరు వారాలపాటు కాయల్ని మోయాలి కాబట్టి ఏ సందేహం ఉన్నా ఆరోగ్యంగా ఉన్నదాన్నే తల్లిని చేయండి.

అచ్చమైన నీలం కోసం చూసేవాళ్లకు ఒక హెచ్చరిక, నీలం పేరుతో అమ్ముతున్నవన్నీ నిజానికి ఊదా, వంగపండు రంగులే. లక్ష్యం పెట్టుకోవద్దనడం లేదు, ఒక్క క్రాస్‌తో వస్తుందనుకోవద్దంటున్నాను.

రెండు రకాలూ ఒకే సమయంలో పూయకపోవడం మామూలే. త్వరగా పూసేవి నాటిన 60-70 రోజులకే పూస్తే ఆలస్యపువి 100 రోజులు దాటినా పూయవు. దీనికి తేలికైన మార్గం, ఒక్కో రకం దుంపల్ని పది పదిహేను రోజుల తేడాతో మూడు విడతలుగా నాటడం. లేదంటే ముందు పూసినదాని పరాగకోశాల్ని కోసి, నీడలో కొన్ని గంటలు ఆరబెట్టి, చిన్న సీసాలో చెమ్మ పీల్చే సిలికా జెల్‌తో పాటు వేసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. కొన్ని వారాలు పనికొస్తుంది. తీసి వాడేటప్పుడు మూత వెంటనే తెరవొద్దు, సీసా బయటి వేడికి వచ్చాకే తెరవండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి పుప్పొడి పాడవుతుంది.

క్రాస్ చేసే రోజు

ఒక పువ్వును చేతిలోకి తీసుకుని లోపల చూడండి. ఆరు రేకులు, పైది గొడుగులా కొంచెం ముందుకు వంగి ఉంటుంది. దాని కిందే మూడు కేసరాలు పక్కపక్కన ఒకే వైపు వంగి నిలబడి ఉంటాయి, వాటి చివర పొడవాటి పరాగకోశాలు, రకాన్ని బట్టి ఊదా రంగులోనో మీగడ రంగులోనో. వాటి వెనకనుంచి సన్నగా ఒక తీగ లాంటిది వస్తుంది, అదే కీలం, దాని చివర మూడు పాయలు. పువ్వు విచ్చుకున్న రోజు ఆ పాయలు ఒకదానికొకటి అతుక్కుని మూసుకుని ఉంటాయి. ఒకటి రెండు రోజులకు విడిపోయి బయటికి విప్పారతాయి, అంచుల్లో సన్నటి నూగు కనిపిస్తుంది. అప్పుడే అది పుప్పొడిని తీసుకుంటుంది. పుప్పొడి మాత్రం పువ్వు తెరుచుకున్న కొన్ని గంటల్లోనే రాలడం మొదలవుతుంది. అంటే మగభాగం ముందు, ఆడభాగం తర్వాత సిద్ధమవుతాయి, మన పనికి వీలు కల్పించేది ఈ తేడానే.

తల్లి మొక్క మీద, మర్నాడు తెరుచుకోబోయే మొగ్గను పట్టుకోండి. రంగు పూర్తిగా వచ్చి, రేకులు వదులై ఇంకా చుట్టుకునే ఉంటాయి. సాయంత్రం పూట రేకుల్ని నెమ్మదిగా విడదీసి మూడు పరాగకోశాల్నీ ట్వీజర్‌తో లాగేయండి. కీలానికి దెబ్బ తగలకూడదు, పరాగకోశం నలగకూడదు. కింది మూడు రేకుల్ని కూడా తెంపేయడం నాకు ఇష్టం, తేనెటీగ వాలడానికి చోటు ఉండదు, మనకు పని సులువవుతుంది. ఆపై కాగితం సంచి తొడిగేయండి. ప్లాస్టిక్ వద్దు, లోపల ఉడికిపోతుంది.

కీలాగ్రం పాయలు విప్పారిన ఉదయం, మంచు ఆరాక, ఎండ ముదరకముందు తండ్రి మొక్క నుంచి అప్పుడే పగిలిన పరాగకోశాన్ని ట్వీజర్‌తో పట్టుకుని మూడు పాయలకూ రుద్దండి. బ్రష్ వాడొచ్చు గానీ పరాగకోశంతో నేరుగా రుద్దితేనే ఎక్కువ అంటుతుంది, పైగా రెండో క్రాస్‌కు పాత పుప్పొడి వెళ్లే భయం ఉండదు. ఒక్క పాయకే అంటించి వదిలేయొద్దు, మూడూ నిండుగా కనిపించాలి. మర్నాడు ఇంకోసారి చేస్తే కాయ బాగా నిండుతుంది. మళ్లీ సంచి తొడిగి, అక్కడికక్కడే ట్యాగ్ కట్టండి. తల్లి పేరు ముందు, తర్వాత గుణకారం గుర్తు, తర్వాత తండ్రి పేరు, తేదీ. ‘సాయంత్రం రాసుకుందాంలే’ అనే మాట ఈ పనిలో పనికిరాదు.

వాన పడే రోజు వద్దు, తడికి పుప్పొడి చెడిపోతుంది. 35 డిగ్రీలు దాటే ఎండల్లో కూడా కాయ కట్టడం బాగా తగ్గిపోతుంది.

ఒక కాడ మీద కింది నాలుగైదు పూలకే క్రాస్ చేసి పైకొనను తుంచేయండి. పది కాయలు పెడితే పదీ సగం సగం నిండుతాయి. కాడను కోయకూడదని వేరే చెప్పక్కర్లేదు, పక్కన కర్ర పాతి కట్టండి, కాయల బరువుకు ఒరిగిపోతుంది.

కాయ, విత్తనం

వారం పదిరోజుల్లో పువ్వు వాడి, దాని మొదట్లో ఆకుపచ్చ గడ్డ కనిపిస్తే క్రాస్ పట్టినట్టే. వాడిన రేకులు కాయకు అంటుకుని తడికి కుళ్లుతుంటే తీసేయండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో కాయ పండి గోధుమ రంగుకు తిరుగుతుంది, పైకొన దగ్గర సన్నటి చీలిక కనపడగానే కోసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా గాలికి విత్తనాలు ఎగిరిపోతాయి, ఎందుకంటే ప్రతి విత్తనం చుట్టూ పల్చటి రెక్క ఉంటుంది. ఒక కాయలో మామూలుగా 50 అటూ ఇటూ వస్తాయి, బాగా నిండిన కాయలో వంద దాకా కూడా రావచ్చు.

గింజల్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో గుండ్రంగా ముదురుగా బొడిపె ఉంటే అది గింజ, మొత్తం పారదర్శకంగా ఉంటే ఒట్టి రెక్కే. ఒట్టివి ఏరి పారేసి, మిగతావి నీడలో వారం ఆరబెట్టి, కాగితం కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. వచ్చే సీజన్‌కే వేసేయడం మేలు, పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది.

మొదటి ఏడాది: గడ్డిపోచల్లాంటి మొక్కలు

కనీసం 15-20 సెం.మీ. లోతున్న తొట్టి లేదా పెట్టె కావాలి, ఈ పిల్ల మొక్కల వేళ్లు దుంపను కిందికి లాక్కుంటాయి. నీరు నిలవని తేలికపాటి మట్టిలో, రెండు మూడు సెం.మీ. దూరంలో, అర సెం.మీ. నుంచి ఒక సెం.మీ. లోతులో విత్తండి. 20 డిగ్రీల దగ్గర వేడి ఉంటే రెండు మూడు వారాల్లో సన్నగా ఒక్కో ఆకు లేస్తుంది. చూడ్డానికి అచ్చం గడ్డి. కలుపు అనుకుని పీకేసే ప్రమాదం నిజంగానే ఉంది, అందుకే గీతలు గీసి వరసల్లో వేయండి, ప్రతి వరస మొదట్లో క్రాస్ నంబరు పెట్టండి.

ఈ ఏడాది లక్ష్యం పువ్వు కాదు, దుంప. వీలైనంత ఎక్కువ కాలం ఆకు పచ్చగా ఉంచడమే మీ పని. ఒక్కసారి మట్టి పూర్తిగా ఎండిందంటే పిల్ల మొక్క నిద్రలోకి జారుకుంటుంది, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా ఆ సీజన్‌లో లేవదు. పల్చటి ఎరువు నీళ్లు రెండు వారాలకోసారి చాలు. అయిదారు నెలలు బాగా పెరిగితే బఠాణీ గింజంతవి కొన్ని, అంతకు పెద్దవి కొన్ని దొరుకుతాయి.

ఒక అదృష్టం ఉంది, పాత రకాల్ని పట్టి పీడించే మొజాయిక్ వైరస్‌లు విత్తనం ద్వారా సాధారణంగా రావు. మీ నారు మొక్కలు శుభ్రంగా మొదలవుతాయి. ఆ శుభ్రత నిలవాలంటే వాటిని పాత దుంపల మడికి దూరంగా పెంచండి, చిక్కుడు జాతి మొక్కల పక్కన అసలు వద్దు, బీన్ యెల్లో మొజాయిక్ వైరస్‌ను అక్కడ్నుంచి పేనుబంక మోసుకొస్తుంది. పువ్వులు కోసే కత్తిని ఒక్కో మొక్కకూ తుడుచుకోవడం అలవాటు చేసుకోండి.

ఆకులు పసుపెక్కాక తవ్వండి. చిన్న దుంపలు మట్టిలో కలిసిపోతాయి కాబట్టి సన్నటి జల్లెడ కావాలి. నీడలో గాలికి రెండు వారాలు ఆరనిచ్చి, కాగితం సంచిలోనో వల సంచిలోనో వేసి 4-7 డిగ్రీల చల్లదనంలో రెండు మూడు నెలలు ఉంచండి. గ్లాడియోలస్ దుంపకు నిద్ర ఉంది, ఈ చల్లదనం ఆ నిద్రను తీరుస్తుంది. చల్లబెట్టకుండా నాటితే కొన్ని మొలుస్తాయి, కొన్ని మొలవవు, మడి అంతా ఎగుడుదిగుడుగా తయారై ఏది త్వరగా పూసే రకమో తేల్చుకోలేం.

మొదటి పువ్వు, మొదటి ఏరివేత

రెండో ఏడాది కొన్ని పూస్తాయి, ఎక్కువభాగం మూడో ఏడాది పూస్తాయి. ఆ ఉదయాలు ఎంత బాగుంటాయో చెప్పలేను, ప్రతి మొగ్గా ప్రపంచంలో ఎవరూ చూడని పువ్వే. కానీ నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ సంతోషాన్ని పక్కన పెట్టాలి.

చిన్న దుంప నుంచి వచ్చిన మొదటి కాడ పొట్టిగా, తక్కువ మొగ్గలతో ఉంటుంది. దాన్ని బట్టి కాడ పొడవునూ మొగ్గల సంఖ్యనూ తేల్చొద్దు. రంగు, రేకు మందం, పువ్వు ఆకారం, ఈ మూడే చూడండి. రంగు అస్పష్టంగా ఉన్నా, రేకు మధ్యాహ్నానికే వాలిపోయినా, పువ్వు గొంతు సరిగ్గా తెరుచుకోకపోయినా అక్కడికక్కడే తీసేయండి. సగం కంటే ఎక్కువ ఈ దశలోనే వెళ్లిపోవాలి. ‘ఇది కూడా పర్లేదు’ అనిపించినవన్నీ ఉంచుకుంటే మూడేళ్లలో మీ స్థలమంతా పర్లేదు అనిపించే మొక్కలతో నిండిపోతుంది, అసలైనదానికి చోటుండదు. ఉంచినవాటికి ఏడాది, క్రాస్ నంబరు, మొక్క నంబరు కలిపి కోడ్ ఇవ్వండి, ఉదాహరణకు 26-3-14. పేరు ఇప్పుడే పెట్టొద్దు. పేరు పెట్టినదాన్ని పారేయబుద్ధి కాదు.

తర్వాతి ఏడాది, పూర్తి సైజు దుంప నుంచి పూసినప్పుడు అసలు పరీక్ష. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి, ఉదయం ముదురు గులాబీగా ఉండి సాయంత్రానికి అంచులు వెలిసిపోయేవి చాలా ఉంటాయి. పెద్ద పూల రకంలో నేను 18కి తక్కువ కాకుండా మొగ్గలు, ఒకేసారి ఆరు పైన విచ్చుకున్న పూలు చూస్తాను. పూలన్నీ ఒకే వైపు చూస్తున్నాయా, మధ్యలో ఖాళీలు వస్తున్నాయా, కర్ర కట్టకుండా కాడ గాలికి నిలబడుతోందా చూడండి. ఆపై ఒక కాడను కింది ఒకటి రెండు మొగ్గల రంగు కనిపిస్తున్నప్పుడు కోసి, మందులేవీ కలపని నీళ్లలో పెట్టండి. పైమొగ్గల్లో ఎన్ని తెరుచుకున్నాయి, తెరుచుకున్నవాటికి రంగు నిలిచిందా, ఇది రాసుకోండి. మడిలో మెరిసి నీళ్లలో మూడు మొగ్గలకే ఆగిపోయేది తోటకు పనికిరావచ్చు, కట్ ఫ్లవర్‌గా పనికిరాదు.

రేకుల మీద రంగు విరిగినట్టు గీతలు, మచ్చలు కనిపిస్తే కొత్త డిజైన్ అని సంబరపడకండి, ముందు వైరస్‌ను అనుమానించండి. తామర పురుగులు గీకినా వెండి రంగు చారలు వస్తాయి. ఆకుల్లో కూడా లేత పచ్చ చారలుంటే మొక్కను దుంపతో సహా తీసేయడమే.

ఇక దుంప

తవ్వే రోజు చేతిలో పుస్తకం ఉండాలి. నాటిన దుంప ఆ సీజన్‌తో ఎండి ముడుచుకుపోతుంది, దాని నెత్తిన కొత్త దుంప కూర్చుని ఉంటుంది, రెండింటి మధ్య సన్నటి తాళ్లకు వేలాడుతూ పిల్ల దుంపలు. పాత దుంపను వేలితో తోస్తే శుభ్రంగా ఊడి రావాలి. ఊడిన చోట కొత్త దుంప అడుగు తెల్లగానో లేతగానో గట్టిగా ఉండాలి. గోధుమ రంగు మచ్చ లోపలికి పాకుతుంటే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే కుళ్లు, ఆ మొక్క ఎంత గొప్ప పువ్వు పూసినా సరే వద్దు. ఏరే దశలో దుంపల్ని శిలీంధ్రనాశకంలో ముంచి కాపాడటం నాకు ఇష్టం లేదు, మందుతో నిలబడేదేదో సొంతంగా నిలబడేదేదో తెలియకుండా పోతుంది.

పెద్దగా పలచగా అప్పచ్చిలా ఉన్న దుంప కంటే, కాస్త చిన్నదైనా ఎత్తుగా మందంగా ఉన్నది మంచిది. ఒక దుంప నాటితే మూడు నాలుగు చిన్నవిగా చీలిపోయే రకం కూడా ఇబ్బందే, ఏదీ పూర్తి సైజుకు రాదు, కాడలు బలహీనమవుతాయి.

తర్వాత పిల్ల దుంపలు లెక్కపెట్టండి. ఇక్కడే అసలు తేడా. ఒక రకం దుంపకు 5 పిల్లలు పెడుతుంది, ఇంకోటి 50 పెడుతుంది అనుకుందాం. ఆ పిల్లలు పూత సైజుకు పెరిగి, ప్రతిదీ మళ్లీ అంతే పెట్టిందనుకుంటే మొదటిదానికి 25, రెండోదానికి 2,500. కుళ్లినవీ మొలవనివీ తీసేసినా తేడా ఎక్కడికీ పోదు. మొదటి రకాన్ని మీరు జన్మంతా పెంచినా పదిమందికి పంచలేరు. పువ్వు దాదాపు సమానంగా ఉన్న రెండు మొక్కల్లో ఒకదాన్నే ఉంచుకోవాల్సి వస్తే నేను కళ్లు మూసుకుని పిల్ల దుంపలు ఎక్కువున్నదాన్నే ఎంచుకుంటాను.

పిల్ల దుంపల పెంకు గట్టిది. నాటేముందు ఒకరోజు నీళ్లలో నానబెట్టండి, కొన్నే ఉండి విలువైనవైతే పెంకు గోటితో ఒలిచేయండి, మొలక త్వరగా, సమానంగా వస్తుంది. పూత సైజుకు రావడానికి ఒకటి రెండు సీజన్లు పడుతుంది.

ఇలా కనీసం మూడు సీజన్లు ఒకే మొక్క సంతానాన్ని పక్కపక్కన పెంచి, అన్నీ ఒకేలా పూస్తున్నాయో లేదో చూడాలి. పక్కనే బాగా తెలిసిన పాత రకాన్ని కూడా నాటండి, పోల్చడానికి ఏమీ లేకపోతే మన మొక్క ఎప్పుడూ గొప్పగానే కనిపిస్తుంది. పోలికలో నిలవకపోయినా ఒక్క లక్షణంలో అసాధారణంగా ఉన్నదుంటే దాన్ని తల్లిగానో తండ్రిగానో ఉంచుకోండి. అక్కాచెల్లెళ్లలాంటి రెండు మొక్కల్ని కలిపితే, లేదా తిరిగి మంచి తల్లికే కలిపితే, దాగి ఉన్న లక్షణాలు బయటికి వస్తాయి. ఒక మొక్కకు దాని పుప్పొడే పట్టించే పని మాత్రం వరసగా తరాలపాటు చేయొద్దు, బలం పడిపోతుంది.

క్రాస్ లేకుండా కూడా కొత్త రకం రావచ్చు. మడిలో ఒక దుంప ఉన్నట్టుండి వేరే రంగు పూస్తే దాన్ని విడిగా పెంచి చూడండి, రెండు మూడు తరాలు రంగు నిలిస్తే అదీ రకమే. పరిశోధనా సంస్థలు గామా కిరణాలతో ఇదే పని కావాలని చేస్తాయి, ‘వైల్డ్ రోజ్’ అనే గ్లాడియోలస్ రకం నుంచి వచ్చిన ‘శోభ’ అలాంటిదే.

పేరు, నమోదు, హక్కు

గ్లాడియోలస్ పేర్ల అంతర్జాతీయ నమోదు చూసేది నార్త్ అమెరికన్ గ్లాడియోలస్ కౌన్సిల్. వాళ్ల వర్గీకరణలో ప్రతి రకానికీ మూడంకెల సంఖ్య ఉంటుంది. మొదటి అంకె పువ్వు సైజు: 6.4 సెం.మీ. కంటే తక్కువైతే 100 వరస, 14 సెం.మీ. లేదా అంతకు మించితే 500 వరస, మధ్యలో మూడు మెట్లు. తర్వాతి రెండంకెలు రంగు, చివరి అంకె బేసి అయితే కొట్టొచ్చినట్టు కనిపించే మచ్చో గుర్తో ఉందని అర్థం. మీ పువ్వును కాడ మీద, కింది పువ్వు దగ్గర, సాగదీయకుండా కొలవండి. పేరు 30 అక్షరాలు మించకూడదు, 1959 నుంచి పెట్టే పేర్లు లాటిన్‌లో ఉండకూడదు, అప్పటికే ఇంకో గ్లాడియోలస్‌కు ఉన్న పేరు పనికిరాదు.

నమోదుతో ఆ పేరు మీ రకానికి ఖాయమవుతుంది గానీ, వేరేవాళ్లు దుంపలు పెంచి అమ్మకుండా ఆపే హక్కు రాదు. దానికి మీ దేశంలోని మొక్కల రకాల హక్కుల సంస్థకు వేరే దరఖాస్తు పెట్టాలి. వాళ్లు మొక్కలో చూసేవి మూడు: ఉన్న రకాలకు భిన్నంగా ఉందా, మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయా, తరాలు మారినా అలాగే ఉంటోందా. మూడు సీజన్ల మీ రాతపుస్తకం ఇక్కడే అక్కరకొస్తుంది. కొత్త మొక్కల రకాల హక్కులపై దేశాల మధ్య కుదిరిన 1991 యుపోవ్ ఒప్పందం ప్రకారం, సొంత దేశంలో అమ్మకం మొదలై ఏడాది దాటినా, ఇతర దేశాల్లో నాలుగేళ్లు దాటినా గ్లాడియోలస్ లాంటి మొక్కను ‘కొత్తది’గా లెక్కించరు. అందుకని హక్కు కావాలో వద్దో మొదటి దుంప అమ్మకముందే తేల్చుకోండి, అప్పటిదాకా దుంపల్ని రెండు వేర్వేరు చోట్ల పెంచండి, ఒక చోట కుళ్లు వచ్చినా రెండో చోట మిగులుతాయి.